వడిసెల నుండి గాలిమర వరకు: సాఫ్ట్‌బాల్ విసురుడు విద్య

సాఫ్ట్‌బాల్ అనగానే మన కుటుంబాలలో చాలామంది అది మెత్తని బంతితో ఆడే పిల్లలాట అనుకుంటారు. పేరే అలా మోసం చేస్తుంది. ఆ బంతి గట్టిది. చుట్టుకొలత 12 అంగుళాలు, బరువు ఆరున్నర ఔన్సులకు కాస్త అటూ ఇటూ. చేతిని పైనుంచి కాక, కిందినుంచి తెచ్చి విసరవలెనన్నదే ఈ ఆటకు ప్రాణం. ఈ విద్య ఎక్కడ పుట్టింది, ఎలా మారింది, మన పిల్లలకు, ముఖ్యంగా ఆడపిల్లలకు, దానిని ఏ వరుసలో నేర్పాలి అన్నవి ఇక్కడ చెప్పదలిచాము.

మేము మలయా తెలుగువారిలో మూడవ తరం. మా తాతగారు బాగన్ దాతో కొబ్బరితోటలలో పనికి వచ్చినవారు. తెలుగు మాకు సాయంకాలపు తరగతులలో అబ్బింది, సాఫ్ట్‌బాల్ బడి మైదానంలో అబ్బింది. ఉపాధ్యాయ వృత్తిలో ఉన్నంతకాలం రెండూ నేర్పాము. ఇప్పుడు కతార్ ఉత్తరపు కొసన, మదీనత్ అల్ షమాల్‌లో, చలికాలపు సాయంత్రాలు మన వాళ్ల పిల్లలకు బంతి విసరడం నేర్పుతున్నాము. ఎండాకాలంలో ఇక్కడ మైదానం మాట ఎత్తకూడదు.

ఆట పుట్టుక వేడుకగా ఉంటుంది. 1887 నవంబరులో చికాగోలోని ఫర్రాగట్ బోట్ క్లబ్బులో కొందరు యువకులు ఒక ఫుట్‌బాల్ పోటీ ఫలితం కోసం కాచుకొని ఉన్నారు. ఫలితం తెలిసిన సంబరంలో ఒకరు బాక్సింగ్ చేతితొడుగు విసరగా, మరొకరు కర్రతో కొట్టారు. అది చూసి జార్జ్ హాంకాక్ అనే ఆయన దానినే ఆటగా మలిచారు. సాఫ్ట్‌బాల్ అన్న పేరు 1926లో గాని రాలేదు; పెట్టినవారు వాల్టర్ హకాన్సన్. ఇండియాలో 1961 నుండి జోధ్‌పూర్ కేంద్రంగా వ్యాపించింది. మన తెలుగునాట అనంతపురంలో, విన్సెంట్ ఫెర్రర్ 1969లో స్థాపించిన గ్రామీణాభివృద్ధి సంస్థ వారు పల్లెటూరి ఆడపిల్లలకు ఈ ఆట నేర్పారంటే మాకు ఎంతో ఆనందం.

క్రికెట్ పిచ్చి ఉన్న మన ఇళ్లలో కింది చేతి విసురుడంటే చిన్నచూపు ఉంది. 1981 ఫిబ్రవరి 1న మెల్‌బోర్న్‌లో ట్రెవర్ చాపెల్ న్యూజీలాండ్ మీద ఆఖరి బంతిని నేలమీద దొర్లించిన సంగతి పెద్దలకు గుర్తుండే ఉంటుంది. నిజానికి క్రికెట్ మొదలైంది కింది చేతితోనే. చేయి పైకెత్తి వేయడానికి 1864లో గాని అనుమతి రాలేదు. బేస్‌బాల్‌లో సైతం 1884 వరకు పైచేతి విసురుడుకు పూర్తి స్వేచ్ఛ లేదు. ఆ రెండు ఆటలు వదిలిన దానిని సాఫ్ట్‌బాల్ పట్టుకొని, ఒక మహావిద్యగా పెంచింది.

మనకైనా ఇది కొత్తది కాదు. జొన్నచేలో మంచె మీద నిలబడి వడిసెలతో పిట్టలను తోలిన వారి సంతతి మనం. వడిసెల చుట్టూ తిరిగి, ఒక క్షణాన ఒక కొస వదలగానే రాయి వెళ్లిపోతుంది. ముందు వదిలితే ఒక దారి, ఆలస్యమైతే మరొక దారి. సాఫ్ట్‌బాల్‌లో గాలిమర పద్ధతి, అంటే విండ్‌మిల్, అచ్చంగా ఇదే. చేయి ముందునుంచి పైకి లేచి, వెనుకగా దిగి, ఒక పూర్తి చుట్టు తిరిగి, తుంటి పక్కకు రాగానే బంతి వదలాలి. తుంటి దాటకముందే వదిలితే బంతి నేలకు కొడుతుంది, దాటాక వదిలితే ఆకాశానికి పోతుంది. స్లింగ్‌షాట్ అనే పాత పద్ధతిలో పూర్తి చుట్టు లేదు, చేతిని వెనక్కి లాగి ముందుకు వదలడమే. పేరు ఉండేలుది. అమెరికాలో జోన్ జాయిస్ ఆ పద్ధతితోనే 1961లో బేస్‌బాల్ మహావీరుడు టెడ్ విలియమ్స్‌ను ఒక ప్రదర్శనపోటీలో తికమక పెట్టింది.

విసిరేవారిది ఎంత పైచేయి అయిందంటే, 1965లో మెల్‌బోర్న్‌లో జరిగిన మొట్టమొదటి మహిళల ప్రపంచపోటీ ఫైనల్‌లో ఆస్ట్రేలియా అమెరికాను 1-0తో ఓడించింది. ఒక్కటంటే ఒక్క పరుగు! బ్యాటు పట్టినవారికి ఊపిరి ఆడాలని తరువాత మహిళల విసురుదూరాన్ని 40 అడుగుల నుండి 43 అడుగులకు పెంచారు. అయినా, గంటకు 60 మైళ్ల వేగంతో వచ్చే బంతి సెకనులో సగం కూడా గడవకముందే చేరిపోతుంది.

నేర్పే వరుస చెబుతాము. మేము కొసనుంచి మొదలుకు వెళ్తాము. ముందు గోడకు మూడడుగుల దూరంలో పక్కగా నిలిపి, మణికట్టు విదిలింపు ఒక్కటే. అది కుదిరాక చేయి వెనుక సగం చుట్టు, ఆపైన పూర్తి చుట్టు, చివరగా ముందడుగు. వెనుకకాలు నేలను రాసుకుంటూ రావాలి. దానిని మధ్యలో మళ్లీ నేలకు మోపి కొత్తగా తన్నుకోవడం నిబంధనలకు విరుద్ధం. చేయి బిగపట్టిన పిల్లలకు వేగం రాదు. తాడులా వదులుగా ఉండాలి.

బంతి రకాలకు బొంగరమే మా పాఠ్యపుస్తకం. జాటీ లాగిన తీరునుబట్టి బొంగరం తిరిగినట్టే, వేళ్లు విడిచిన తీరునుబట్టి బంతి తిరుగుతుంది. కింది చేతితో మామూలుగా విసిరితే వేళ్లు బంతి వెనుకనుండి పైకి జారుతాయి, కనుక బంతి ముందుకు దొర్లుతున్నట్టు తిరుగుతుంది. దానిని పెంచితే డ్రాప్, బ్యాటు దగ్గర దిగిపోతుంది. క్రికెట్ బంతి విసిరి అలవాటైన పిల్లలకు ఇది తలకిందులుగా తోస్తుంది. రైజ్ బంతికి చేతిని బంతి కిందుగా కోసుకొని పోనివ్వాలి, వెనుకకు తిరగాలి. అది పైకి లేస్తుందని అందరూ అంటారు గాని, ఇంత వేగంలో నిజంగా ఎక్కదు. పడవలసినంత పడదు, అంతే. కన్ను మోసపోతుంది. పక్కతిరుగుడు ఇస్తే కర్వ్, దానికి ఎదురు స్క్రూ. ఇక్కడి వాయవ్యపు గాలికి షమాల్ అనే పేరు. దానికి ఎదురుగా నిలిపి విసిరిస్తే ఈ వంపులన్నీ ఇంకా బాగా కనిపిస్తాయి. ఊరి పేరూ అదే మాట, ఉత్తరమని అర్థం.

మొదటి రెండేళ్లు మేము తిన్నని బంతి, చేంజ్-అప్, డ్రాప్ తప్ప నేర్పము. చేంజ్-అప్ అంటే చేయి అదే వేగం, బంతి మాత్రం నెమ్మది; బంతిని అరచేతిలో లోతుగా పట్టుకుంటే చాలు. తండ్రులకు ఇది రుచించదు. వేగం ఎంత, రైజ్ ఎప్పుడు అని అడుగుతారు.

వారు నమ్మే మాట ఒకటుంది: కింది చేతి విసురుడు సహజం, ఎన్ని విసిరినా భుజానికి ఏమీ కాదని. ఇది తప్పు. 1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో విసిరినవారి చలనచిత్రాలు పరిశీలించిన వారు, భుజాన్ని కీలునుండి లాగే బలం శరీరపు బరువులో 80 శాతం వరకు ఉంటుందని తేల్చారు. 2008 బీజింగ్‌లో జపాన్ పిచ్చర్ యుకికో ఉవేనో ఆగస్టు 20న ఒక్కరోజే రెండు ఆటలలో 318 బంతులు, మరునాడు ఫైనల్‌లో 95, మొత్తం 413 విసిరి అమెరికాను 3-1తో ఓడించింది. 2021లో టోక్యోలో మళ్లీ స్వర్ణం తెచ్చింది. ఆమెకు మా నమస్కారం. అయితే ఆ 413ను పన్నెండేళ్ల పిల్లకు ఆదర్శంగా చెప్పే తండ్రితో మాకు పేచీ ఉంది. ఉవేనో అప్పటికి 26 ఏళ్ల మనిషి. ఏళ్ల తరబడి దేహాన్ని తయారుచేసుకున్నది.

మా పిల్లలకు ఒక చిన్న నోటుబుక్కు ఉంది. ప్రతి విసురుకూ ఒక గీత. గీసేది విసిరిన పిల్ల కాదు, బంతి పట్టే పిల్ల. భుజం ముందువైపు నొప్పి అన్న రోజున ఆ పిల్ల బంతి ముట్టదు, నోటుబుక్కు పట్టుకుంటుంది. 2028లో లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌కు ఈ ఆట తిరిగి వస్తున్నది. టెలివిజన్ ముందు కూర్చొని మనవాళ్లు రైజ్‌కూ డ్రాప్‌కూ తేడా చెప్పగలరని మా ఆశ.