వీణ చేయు విద్య

రేడియోలో వీణ విన్నపుడు వాయించిన విద్వాంసుని పేరు మనము జ్ఞాపకముంచుకొందుము. ఆ వీణను చేసినవాని పేరు మనకు తెలియదు. తెలిసికొనవలెనని తోచదు కూడ.

విజయనగరము నుండి రాయపూరునకు పోవు రైలుమార్గములో గజపతినగరము దాటిన పిదప బొబ్బిలి వచ్చును. ఈ దారికి ఒక కొసను సంగీతము నేర్పినారు. రెండవ కొసను వీణ చేయుట నేర్చినారు. విజయనగరములో 1919లో సంగీత కళాశాల వెలసినది. హరికథా పితామహులు ఆదిభట్ల నారాయణదాసుగారు, వారి పిదప ఫిడేలు విద్వాంసులు ద్వారం వెంకటస్వామినాయుడుగారు దానికి ప్రిన్సిపాళ్లుగా నుండిరి. బొబ్బిలి యనగానే మనకు 1757 నాటి యుద్ధము స్ఫురించును. కాని ఆ సంస్థానాధీశుల ఆదరణచే అచ్చట వీణల పనియు వేళ్లూనినది. బొబ్బిలి చెంతనున్న గొల్లపల్లిలో సర్వసిద్ధి వంశీయులు తరతరములుగా ఆ పని చేయుచున్నారు.

వీణ కుండను, దండిని వేరువేరుగా చెక్కి అతుకుట కలదు. బొబ్బిలి వీణ ప్రఖ్యాతి అతుకు లేకపోవుటలో నున్నది: ఒకే పనసదుంగ నుండి రెండును తొలుతురు.

పనివాడు కాదలచిన కుర్రవానికి మొదటి పాఠము కొయ్యయే. పచ్చికొయ్యతో చేసినది ఆరినకొలది వంగును, బీటవారును. విదేశములలో బిలియర్డ్సు ఆటగాని చేతికి తగినట్లు కర్ర చేయువారును ఈ భయముననే కొయ్యను కొంత చెక్కి, ఆరనిచ్చి, మరల చెక్కుదురు. ఆటకర్ర వంగినచో గురి తప్పును. దండి వంగినచో స్వరము తప్పును.

రెండవ పాఠము ఉలి. కుండ గోడ మరీ దళసరియైనచో నాదము మూగవోవును. మరీ పలుచనైనచో 7 తీగల బిగువునకు ఓర్వదు.

కడపటి పాఠము మేళము కట్టుట. మైనమును మసితో కలిపి దండిపై పరచి, అందులో 24 మెట్లు నిలుపుదురు. ఏ మెట్టు ఎచ్చట నుండవలెనో కొలబద్ద కొంతవరకే చెప్పును; మిగిలినది చెవి చెప్పవలెను. కావున ఈ వడ్రంగి స్వరజ్ఞానము కూడ సంపాదింపక తప్పదు.

నేడు గొల్లపల్లిలో బహుమతుల కొరకు చిన్న వీణలు విరివిగా చేయుచున్నారు. వానివలన పనివారి ఇండ్లలో పొయ్యి వెలుగుచున్నది. దానిని తక్కువగా నెంచరాదు. కాని అలంకారపు వీణకు చెవితో పనిలేదు. కుర్రవాడు దానితోనే ఆగిపోయినచో ఉలి నిలుచును, మేళము పోవును.

1999 నాటి చట్టము క్రింద బొబ్బిలి వీణకు భౌగోళిక గుర్తింపు లభించినది. అది పేరును ఇతరులు వాడుకొనకుండ కాపాడును. విద్యను కాపాడవలసినవాడు శిష్యుడు. ఆ శిష్యుని నిలుపవలసినవారు వాయించుటకై వీణ కోరి చేయించుకొను గృహస్థులు. మన పిల్లలకు వీణ నేర్పింపదలచినపుడు ఒకమారు గొల్లపల్లిని తలచుకొందము.