నూర్పిడి యంత్రం, కూలివాని చలికాలం



కోతకు, నూర్పిడికి యంత్రాన్ని పిలవడం మనకిప్పుడు వింత కాదు. దానివల్ల ఎంత మిగులుతుందో లెక్క వేసుకుంటాం. ఆ లెక్కలో ఒక పద్దు మరిచిపోతే ఏమవుతుందో ఇంగ్లండు చరిత్ర చెబుతుంది. చిత్తగించండి.

ఆ దేశంలో గోధుమ కోతలు ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో అవుతాయి. తర్వాత చలికాలమంతా పొలంలో పని తక్కువ. అయితే పూర్వం కొట్టాల్లో కంకులను కర్రలతో బాది గింజ రాల్చే పని నెలల తరబడి సాగేది. కూలివాని ఇంట పొయ్యి రాజేది దానివల్లనే.

1786లో స్కాట్లండులో ఆండ్రూ మైకిల్ అనే మరల పనివాడు నూర్పిడి యంత్రం తయారుచేశాడు. ఫ్రాన్సుతో యుద్ధాల రోజుల్లో మనుషులు దొరక్క ఆసాములు దాన్ని పెట్టుకున్నారు. అందులో తప్పేముంది? కాని 1815లో యుద్ధం ముగిసింది. సిపాయిలు ఇళ్ళకు తిరిగివచ్చారు, యంత్రం మాత్రం కదలలేదు. కూలిరేట్లు పడిపోయాయి. చలికాలపు పని కరువైంది.

పనిలేని బీదలను ఆ ఊరే పోషించాలని అక్కడి చట్టం. అందుకు పన్ను కట్టేవారిలో ముఖ్యులు ఆసాములే. కూలిలో మిగిలిన డబ్బు కొంత ఇలా పన్నులో పోయిందన్నమాట!

1830 ఆగస్టులో కెంట్ జిల్లాలో కూలీలు ఒక యంత్రాన్ని పగలగొట్టారు. ఆ అలజడి చలికాలానికి దక్షిణ ఇంగ్లండంతా పాకింది. 'కెప్టెన్ స్వింగ్' అనే కల్పిత పేరుతో బెదిరింపు ఉత్తరాలు వచ్చాయి. గడ్డివాములు తగలబడ్డాయి. వందలాది యంత్రాలు ముక్కలయ్యాయి. ప్రభుత్వం 19 మందిని ఉరితీసింది. సుమారు 480 మందిని ఆస్ట్రేలియాకు ద్వీపాంతరం పంపింది.

ఇక్కడొక సంగతి గమనించాలి. పట్టణాలు దగ్గరగా ఉండి, వేరే పని దొరికే చోట అల్లర్లు తక్కువ. ఆ దారి లేని ఊళ్ళలోనే మంట ఎక్కువ. తర్వాత కూలీలు చాలామంది పట్టణాలకు, రైలుమార్గాల పనులకు తరలిపోయారు. 1850 ప్రాంతంలో ఆవిరి యంత్రాలు కళ్ళాల్లోకి వచ్చినప్పుడు అంత గొడవ కాలేదు.

కనుక సోదరులారా, మన ఊళ్ళో కొత్త యంత్రం దిగినప్పుడు బాడుగెంత, డీజిలెంత అని అడగడంతో సరిపెట్టుకోవద్దు. ఇది ఏ నెల పనిని తీసుకుపోతుంది, ఆ నెలలో ఆ ఇళ్ళు ఎలా గడుస్తాయి అని కూడా అడగండి. విస్తరణ ఉద్యోగులు యంత్ర ప్రదర్శన పెట్టేనాడే ఈ ప్రశ్న ఎత్తితే మంచిది. యంత్రం నడపడం, బాగుచేయడం ముందుగా ఆ కూలి ఇళ్ళ పిల్లలకే నేర్పితే మరీ మంచిది. వామి తగలబడ్డాక నీళ్ళు మోసేకంటే ఇది సులువు కదా!