నిరాశ్రయుల నమోదు (ఉత్తరాంధ్ర)

నిలువ నీడ లేనివారు ఎవరు, రాత్రి ఎక్కడ తల దాచుకుంటున్నారు, చివరికి ఏ ఇంటికి చేరారు అన్నది రాసి ఉంచే పద్ధతే నిరాశ్రయుల నమోదు. శ్రీకాకుళం జిల్లా సంతబొమ్మాళి మండలంలోని నౌపడ నుంచి చూస్తే దీని చిక్కు బాగా తెలుస్తుంది. హౌరా–చెన్నై మార్గంలోని ఈ జంక్షన్ దగ్గరే గుణుపురం రైలు మార్గం చీలుతుంది. ఊరి చుట్టూ ఉప్పు మళ్లు. ఈ ప్రాంతం నుంచి విశాఖకో, హైదరాబాదుకో, చెన్నైకో కూలికి పోయే మనిషికి ఊళ్లో రేషన్ కార్డు ఉంటుంది. పనికి పోయిన చోట మాత్రం కడుతున్న భవనం కిందే పడక. ఊరి జాబితాలో అతనికి ఇల్లుంది, నగరం జాబితాలో అతనే లేడు.

అన్నిటికన్నా పాతది జనగణన. దాని లెక్కలో ఇల్లు లేనివారంటే రోడ్డు పక్కన, హ్యూమ్ పైపుల్లో, ఫ్లైఓవర్ల కింద, గుడి మండపాల్లో, రైల్వే ప్లాట్‌ఫారాల మీద ఉండేవారు. 2011లో వీరిని ఫిబ్రవరి 28 రాత్రి ఒక్క పూటలో లెక్కించారు. ఎన్యూమరేటర్ ఫారంలో కుటుంబం రకానికి మూడు అంకెలు: మామూలు కుటుంబానికి 1, హాస్టల్ వంటి సంస్థకు 2, ఇల్లు లేనివారికి 3. ఆ 3 కింద దేశంలో 17.7 లక్షల మంది తేలారు, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 1.45 లక్షలు. ఆ రాత్రి రైలెక్కి ప్రయాణంలో ఉన్న కూలీని ఏ ఫారంలో వెతకాలి?

ఇళ్ల పథకాల జాబితాలు వేరే దారిలో పెరిగాయి. 1979లో రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ, 2006లో ఇందిరమ్మ పథకం, 2016లో కేంద్రం తెచ్చిన గ్రామీణ ఆవాస్ యోజన వచ్చాయి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు పాకలు లేచిపోయినవారి లెక్కలు మళ్లీ తీయాల్సి వచ్చింది. 2020 డిసెంబరు 25న 30 లక్షలకు పైగా ఇళ్ల పట్టాల పంపిణీ మొదలైంది. అప్పటికి దరఖాస్తు, పరిశీలన గ్రామ సచివాలయం దాకా వచ్చేశాయి. ఈ జాబితాల్లో ఇంటి ఎదుగుదల మాత్రం బాగా కనిపిస్తుంది: బీబీఎల్ అంటే బేస్‌మెంట్ కన్నా కింద, తర్వాత బీఎల్ అంటే బేస్‌మెంట్ దాకా, ఆర్ఎల్ అంటే కప్పు ఎత్తు దాకా, ఆర్‌సీ అంటే స్లాబ్ పడ్డట్టు. ఒక్కో దశ దాటి ఫొటో ఎక్కితేనే బిల్లు పడుతుంది.

మన జాబితాలు ఇంటి వెంట నడిస్తే, అమెరికాలో నిరాశ్రయుల రికార్డులు మనిషి వెంట నడుస్తాయి. అక్కడి గృహనిర్మాణ శాఖ 2004లో వీటికి జాతీయ ప్రమాణాలు ప్రకటించింది. శాశ్వత వసతి పథకంలో పేరు చేర్చుకున్న తేదీకి ఒక గడి, ఇంట్లోకి మారిన తేదీకి మరో గడి. రెండోది నిండేదాకా అతను ఇల్లు లేనివాడి కిందే లెక్క. మన మాటల్లో అది గృహప్రవేశం గడి. మన పథకాల్లో బిల్లును కదిలించేది స్లాబ్. నా దృష్టిలో మనం ముందుగా తెచ్చుకోవాల్సింది ఆ గడినే.

పట్టణాల్లో మనిషిని నమోదు చేసే పని కోర్టుల వల్ల ఊపందుకుంది. 2010లో ఆహార హక్కు కేసులో సుప్రీంకోర్టు, పెద్ద నగరాల్లో లక్ష జనాభాకు ఒకటి చొప్పున 24 గంటలూ తెరిచి ఉండే వసతి గృహాలు పెట్టాలంది. 2013లో మొదలైన పట్టణ జీవనోపాధి మిషన్ ఆ లెక్కనే తీసుకుని, ఒక్కోటి వంద మందికి సరిపడా ఉండాలంది. ఆంధ్రప్రదేశ్‌లో ఈ మిషన్ పనిని పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ మెప్మా చూసింది. విశాఖలో నగరపాలక సంస్థ తరఫున ఏయూటీడీ అనే స్వచ్ఛంద సంస్థ ఇలాంటి వసతులు నడిపింది. వసతి గృహం రిజిస్టరులో పేరు ఎక్కితే పింఛనుకో, బ్యాంకు ఖాతాకో, గుర్తింపు కార్డుకో దారి దొరకాలన్నది మిషన్ ఉద్దేశం. చిరునామా లేని మనిషికి ఆ గృహమే చిరునామా.

ఓటరు జాబితా నిబంధన ఇంకా మానవీయంగా ఉంది. ఇల్లు లేని మనిషి ఫారం-6 ఇస్తే చిరునామా రుజువు అడగకూడదు. బూత్ స్థాయి అధికారి తానే రాత్రిపూట, ఒకటికి రెండుసార్లు, చెప్పిన చోటికి వెళ్లి అతను అక్కడే పడుకుంటున్నాడా అని చూడాలి. కాగితం తెమ్మని మనిషిని తిప్పకుండా ప్రభుత్వమే మనిషి దగ్గరికి నడిచి వెళ్లడం మన నిబంధనల్లో అరుదు.

నౌపడకు ఈ చరిత్ర ఇటీవల మరో రూపంలో వచ్చింది. దగ్గర్లోని మూలపేట పోర్టుకు 2023 ఏప్రిల్ 19న శంకుస్థాపన జరిగింది. ఇళ్లు పోయే మూలపేట, విష్ణుచక్రం వాసులకు పునరావాస కాలనీని నౌపడలో తలపెట్టారు. 2013 భూసేకరణ చట్టం ప్రకారం పెళ్లయినా కాకపోయినా, ఆడైనా మగైనా, వయోజనులు ఒక్కొక్కరు వేరే కుటుంబం. అందుకే సర్వే రోజున ఒకే కప్పు కింద ఉన్న తల్లి, కొడుకు, కూతురు మూడు వరుసల్లోకి వస్తారు. ఆ రోజు చెన్నైలో పనిలో ఉన్న కొడుకు పేరు వాళ్లమ్మ గుర్తు చేసి రాయించాలి.