కనిపించని విద్యార్థికి తొలి పలకరింపు: దూరవిద్యా పాఠంలో పరిచయ పుట చరిత్ర

పరిచయం

మన దేశంలో కరెస్పాండెన్స్ కోర్సులు ఎప్పుడు మొదలయ్యాయో, సార్వత్రిక విశ్వవిద్యాలయాలు ఎందుకు అవసరమయ్యాయో గత భాగంలో చూశాం. ఈ భాగంలో పైకి చాలా చిన్నదిగా కనిపించే ఒక విషయాన్ని తీసుకుంటున్నాం. మీ చేతిలో ఉన్న పుస్తకంలో ప్రతి పాఠానికీ ముందు ఒక పుట ఉంటుంది. అందులో పాఠ్యరచయిత మిమ్మల్ని పలకరిస్తాడు, తాను ఏం చెప్పబోతున్నాడో చెబుతాడు, మీకు ఇప్పటికే ఏం తెలిసి ఉండవచ్చో ఊహిస్తాడు. చాలామంది విద్యార్థులు ఈ పుటను చదవకుండా తిప్పేస్తారు. పరీక్షలో అందులోంచి ప్రశ్న రాదు కనుక వారిని తప్పు పట్టలేం. అయితే తరగతి గది లేని విశ్వవిద్యాలయం నిలబడగలిగిందా లేదా అన్నది చాలావరకు ఆ పుట మీదే ఆధారపడింది. అది ఎలా పుట్టిందో, తెలుగులోకి వచ్చాక ఎన్ని చిక్కులు పడిందో పరిశీలిద్దాం.

తపాలా పాఠాల కాలం

ఉత్తరాల ద్వారా చదువు చెప్పిన తొలి వారిలో ఇంగ్లండుకు చెందిన ఐజాక్ పిట్‌మన్ పేరు ప్రసిద్ధం. 1840లో అక్కడ ఒక పెన్నీకే ఉత్తరం పంపే పద్ధతి వచ్చింది. పిట్‌మన్ తన షార్ట్‌హ్యాండ్ పాఠాలను చిన్న కార్డుల మీద రాసి తపాలాలో పంపేవాడు. విద్యార్థులు అభ్యాసం చేసి తిరిగి పంపితే దిద్దేవాడు. ఒక పనిలో శిక్షణ ఇచ్చే పాఠం గురువు పక్కన లేకుండానే నడవగలదని ఆ ప్రయత్నం చూపింది. దిద్దిన కార్డు తిరిగి రావడమే అక్కడ గురుశిష్యుల మధ్య పరిచయం.

మన దేశంలో ఢిల్లీ విశ్వవిద్యాలయం 1962లో కరెస్పాండెన్స్ కోర్సులు మొదలుపెట్టింది. తెలుగునాట ఆంధ్ర విశ్వకళాపరిషత్తు 1972లో, ఉస్మానియా విశ్వవిద్యాలయం 1977లో ఆ దారి పట్టాయి. ఈ కోర్సులు వేలాదిమంది ఉద్యోగులకు, గృహిణులకు డిగ్రీ చదివే అవకాశం కల్పించాయి. ఆ మేలు తక్కువది కాదు. కానీ అప్పట్లో ఇంటికి వచ్చినవి ఎక్కువగా 'నోట్సు'. తరగతిలో చెప్పే ఉపన్యాసాన్ని కుదించి అచ్చువేసినవి. తరగతిలో ఉపన్యాసకుడు విద్యార్థి ముఖం చూసి, అర్థం కాలేదని గ్రహించి, మరొక ఉదాహరణ చెబుతాడు. నోట్సుకు ఆ చూపు లేదు. మూడో పుటలో చిక్కుపడిన విద్యార్థి అక్కడే ఆగిపోయేవాడు, ఆ సంగతి ఎవరికీ తెలిసేది కాదు.

ఈ లోపాన్ని సరిదిద్దడానికి పెద్ద ఎత్తున పూనుకున్నది బ్రిటన్ ఓపెన్ యూనివర్సిటీ. 1969లో దానికి రాజ శాసనపత్రం లభించింది, 1971 జనవరిలో బోధన మొదలైంది. పాఠం ఒక్కరి చేతి రాత కాకూడదని అక్కడ తీర్మానించారు. విషయ నిపుణులు, సంపాదకులు, విద్యాశాస్త్రవేత్తలు, బీబీసీ నిర్మాతలు ఒక బృందంగా కూర్చుని పాఠం తయారు చేసేవారు. పాఠం మధ్యలో ఆగి మనకు మనమే జవాబు చెప్పుకునే ప్రశ్నలకు అక్కడ ముఖ్యమైన స్థానం దక్కింది.

ఇదే కాలంలో స్వీడన్‌కు చెందిన బోర్జె హోంబెర్గ్ ఒక ఆలోచనను ప్రతిపాదించాడు. ఆయన హెర్మోడ్స్ అనే కరెస్పాండెన్స్ సంస్థలో పనిచేసి, తర్వాత జర్మనీలో హాగెన్ దూరవిద్యా విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్ అయ్యాడు. మంచి దూరవిద్యా పాఠం సంభాషణలా ఉండాలని ఆయన అన్నాడు. రాసేవాడు 'నేను' అనాలి, చదివేవారిని 'మీరు' అని పిలవాలి, ఏది ముఖ్యమో, ఎక్కడ జాగ్రత్త పడాలో ఎదురుగా ఉన్నట్లే చెప్పాలి. తనతో ఎవరో మాట్లాడుతున్నారన్న భావన కలిగితే విద్యార్థి చదువు మానడన్నది ఆయన వాదం. నా అనుభవంలో ఈ వాదం మూడొంతులు నిజం. మిగిలిన వంతు ఇంటి పరిస్థితులది. వాటిని ఏ పాఠ్యరచయితా మార్చలేడు.

హైదరాబాదు నేల

ఈ ఆలోచనలు హైదరాబాదుకు వచ్చేసరికి ఇక్కడ నేల ఖాళీగా లేదు. 1906లోనే కొమర్రాజు లక్ష్మణరావు, గాడిచర్ల హరిసర్వోత్తమరావు ప్రభృతులు ఈ నగరంలో విజ్ఞానచంద్రికా మండలిని స్థాపించి చరిత్ర, విజ్ఞాన గ్రంథాలను తెలుగు ఇళ్లకు చేర్చారు. 1917లో ఏర్పడిన అనువాద విభాగం ఉస్మానియా విశ్వవిద్యాలయం కోసం ఉర్దూలో పాఠ్యగ్రంథాలు సిద్ధం చేసింది. 1968లో పి.వి. నరసింహారావు అధ్యక్షుడిగా తెలుగు అకాడమి ఏర్పడి కళాశాల స్థాయికి తెలుగు పుస్తకాలు, పారిభాషిక పదకోశాలు తెచ్చింది. 1975 ఆగస్టు నుంచి ఏడాది పాటు నడిచిన 'సైట్' ఉపగ్రహ ప్రయోగంలో ఆరు రాష్ట్రాల్లోని 2,400 గ్రామాలకు టీవీ కార్యక్రమాలు అందాయి. వాటిలో మన గ్రామాలూ ఉన్నాయి. తెలుగు కార్యక్రమాల నిర్మాణ కేంద్రం హైదరాబాదులోనే ఉండేది. ఆ ప్రయోగంలో భాగంగా ప్రాథమిక పాఠశాలల ఉపాధ్యాయులకు విజ్ఞానశాస్త్ర బోధనలో శిక్షణ కూడా తెర మీదే ఇచ్చారు.

పదాలు ఉన్నాయి, పుస్తకాలు ఉన్నాయి, యంత్రం కూడా వచ్చింది. కనిపించని పాఠకుడితో సమానంగా కూర్చుని మాట్లాడే పాఠ్య తెలుగు మాత్రం ఇంకా తయారు కాలేదు.

1982 తర్వాత

1982 ఆగస్టు 26న ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఏర్పడింది. దేశంలో ఇదే మొదటిది. అప్పుడు భవనం వెంకట్రామ్ ముఖ్యమంత్రి. తొలి ఉపకులపతి ఆచార్య జి. రాంరెడ్డి. కరీంనగర్ జిల్లాలో పుట్టి, ఉస్మానియాలో రాజనీతిశాస్త్రం బోధించి, అక్కడే ఉపకులపతిగా పనిచేసిన వ్యక్తి. తర్వాత 1985లో ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయానికి కూడా ఆయనే తొలి ఉపకులపతి అయ్యారు. 1991లో మన విశ్వవిద్యాలయానికి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు పెట్టారు. మొదట సోమాజిగూడ నుంచి పనిచేసిన సంస్థ తర్వాత జూబ్లీ హిల్స్ 46వ నంబరు రోడ్డులోని ప్రాంగణానికి చేరింది. ఆ రోడ్డుకు ఇప్పుడు రాంరెడ్డి గారి పేరే ఉంది.

ఇంటర్మీడియట్ పాసు కానివారు కూడా అర్హత పరీక్ష రాసి డిగ్రీలో చేరవచ్చన్నది ఇక్కడి ముఖ్యమైన నిర్ణయం. దానితో పాఠకుడే మారిపోయాడు. పదో తరగతితో బడి మానేసి పదిహేనేళ్లు పొలం పని చేసిన మనిషి, పెళ్లయి ఇద్దరు పిల్లలున్న స్త్రీ, రాత్రి డ్యూటీ చేసే కార్మికుడు ఇప్పుడు చరిత్ర పాఠం తెరుస్తున్నారు. 'పూర్వ తరగతులయందు విద్యార్థులు గ్రహించియున్నట్లు' అని పాఠం మొదలుపెడితే వారు మొదటి వాక్యంలోనే బయటికి పోతారు.

జూబ్లీ హిల్స్ అనగానే మీకు సార్వత్రిక విశ్వవిద్యాలయం కంటే ముందు ఫిల్మ్ నగర్ గుర్తుకు వస్తుందని నాకు తెలుసు. మద్రాసు నుంచి తెలుగు సినిమా ఇటు తరలి రావడం, రామానాయుడు స్టూడియో వంటివి వెలియడం మరో పాఠంలో చెప్పుకోవాల్సిన కథ. ఇక్కడ ఒక్క పోలిక చాలు. సినిమాలో 24 క్రాఫ్టుల పనిని చాలాకాలం పక్కన నిలబడి, చూసి, తిట్లు తిని నేర్చుకున్నారు. ఆ పనికి పుస్తకం లేదు, గురువు ఉన్నాడు. అవే గుట్టల మీద మేం గురువు లేని చోటికి పుస్తకాన్ని పంపే పని పెట్టుకున్నాం. సినిమా వాళ్లు హీరో ఎంట్రీ కోసం రీలు ఖర్చు పెడతారు. పాఠ్యరచయితలు కూడా మొదట్లో అదే చేశారు. డిగ్రీలు, హోదా, పరిశోధన అన్నీ ముందుకు తెచ్చి తమ ఎంట్రీ తాము ఇచ్చుకున్నారు. ఆ తప్పు నేనూ చేశాను.

ఒక టైపిస్టు అడిగిన ప్రశ్న

1990ల చివర్లో ఒక కార్యాలయం వారు తమ ఉద్యోగులకు కంప్యూటర్ నేర్పే చిన్న పుస్తకం తెలుగులో రాసిపెట్టమన్నారు. టైపు మిషన్లు తీసేసి కంప్యూటర్లు పెడుతున్న రోజులవి. నేను చరిత్ర మనిషిని, కానీ స్వీయ అధ్యయన పాఠాలు రాసిన అనుభవం ఉందని నన్ను పిలిచారు. సాంకేతిక విషయాలు మరొకరు చూసుకున్నారు, భాష, అమరిక నావి. మొదటి పుటలో నన్ను నేను పరిచయం చేసుకున్నాను. నా పిహెచ్.డి., నా ఉద్యోగం, దూరవిద్యలో నా అనుభవం, కంప్యూటర్ యుగం ప్రాముఖ్యం, అన్నీ రాశాను. మంచి పేరా అనుకున్నాను కూడా.

అచ్చుకు ముందు ఆ ప్రతిని నలుగురు ఉద్యోగులకు చదవడానికి ఇచ్చాం. వారిలో పదవీ విరమణకు దగ్గరపడిన ఒక టైపిస్టు ఉన్నారు. ఆమె పుస్తకం మూసి, చాలా మర్యాదగా అడిగారు: "సార్, మీరేం చదివారో మాకు తెలిసింది. మాకేం వచ్చో మీకు తెలుసా అండీ?"

నాకు తెలియదు. అడిగి తెలుసుకున్నాను. ఆమె కళ్లు కాగితం మీదే ఉంచి, మీటల వైపు చూడకుండా, రోజంతా తెలుగు టైపు చేయగలరు. రెమింగ్టన్ మిషన్ మీద ఏ గుణింతం ఏ వేలి కింద ఉందో ఆలోచించాల్సిన పని ఆమెకు లేదు. కంప్యూటర్‌లో ప్రభుత్వం ప్రామాణికం చేసిన ఇన్‌స్క్రిప్ట్ అమరిక వేరు. అందులో అచ్చులు, గుణింతపు గుర్తులు ఎడమ చేతి వైపు, హల్లులు చాలావరకు కుడి చేతి వైపు ఉంటాయి. అంటే ముప్పై ఏళ్ల పని వేళ్లకు నేర్పిన అలవాటును మేం ఒక్క పుటలో రద్దు చేస్తున్నాం, పైగా 'ఇది చాలా సులభం' అని రాస్తున్నాం. ఆమెకు వచ్చిన భయం యంత్రం గురించి కాదు. తన పనితనం ఇక పనికిరాదేమోనని.

ఆ పుట తిరగరాశాం. నా డిగ్రీలు పోయాయి. మీరు టైపు మిషన్ మీద నేర్చుకున్న వేగం, చూపు నిలపడం ఇక్కడా ఉపయోగపడతాయి, మీటల చోటు మాత్రం మారుతుంది, మొదటి కొన్ని వారాలు మీ వేగం తగ్గుతుంది, అది మీ లోపం కాదు అని రాశాం. పాత అమరికతోనే తెలుగు టైపు చేయించే సాఫ్ట్‌వేర్ ఉంటే దానితో మొదలుపెట్టవచ్చనీ చేర్చాం.

భాష కూడా మారింది. మొదటి ప్రతిలో 'సూచికను తెరపై నిర్దేశిత స్థానమునకు చేర్చి మీటను నొక్కవలెను' అని ఉండేది. దాన్ని 'మౌస్ కదిపితే తెర మీద చిన్న బాణం గుర్తు కదులుతుంది. దాన్ని మీకు కావలసిన బొమ్మ మీదికి తెచ్చి ఎడమ బటన్ నొక్కండి' అని మార్చాం. 'గణనయంత్రం' అన్న మాటను ఆ నలుగురిలో ఒక్కరూ వాడలేదు, మేమూ వదిలేశాం. 'కిరణజన్య సంయోగక్రియ' లాంటి పదాలు బడి పుస్తకాల ద్వారా తరాల నోళ్లలో నలిగి తెలుగైపోయాయి. ఆఫీసు బల్ల మీదికి నిన్న వచ్చిన వస్తువుకు అంత వ్యవధి ఉండదు. మా పెద్దల్లో కొందరికి ఈ సర్దుబాటు నచ్చలేదు. వారి అభ్యంతరంలో న్యాయం లేకపోలేదు, కానీ పాఠం చదవాల్సింది వారు కాదు.

ఇక్కడ కాసేపు ఆగి, మీకు బాగా వచ్చిన ఒక పనిని ఫోన్ వాడటం తెలియని మీ ఇంటి పెద్దలకు కాగితం మీద నేర్పాల్సి వస్తే మొదటి మూడు వాక్యాలు ఎలా రాస్తారో నోటు పుస్తకంలో రాసి చూడండి. ఆ మూడింటిలో మీ గురించి ఎన్ని, వారి గురించి ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి.

తెర మీది గురువు

రేడియో, దూరదర్శన్ పాఠాలు వచ్చాక పరిచయం కాగితం నుంచి గొంతుకు, ముఖానికి మారింది. 2004 సెప్టెంబరులో ఇస్రో విద్య కోసమే ఎడ్యుశాట్ ఉపగ్రహాన్ని పంపింది. ఉమ్మడి రాష్ట్రంలో మన టీవీ, 2017 నుంచి తెలంగాణలో టి-శాట్ విద్య, నిపుణ చానళ్లు పాఠాలు ప్రసారం చేశాయి. టి-శాట్ స్టూడియో కూడా జూబ్లీ హిల్స్‌లోనే ఉంది. ప్రత్యక్ష ప్రసారాల్లో విద్యార్థులు ఫోన్ చేసినప్పుడు గమనించండి. ప్రశ్నకు ముందు తమ పేరు, ఊరు చెబుతారు. 'సార్, నేను ఫలానా, ఫలానా మండలం నుంచి' అని. నోట్సు కాలంలో లేనిది అదే, పాఠకుడు తిరిగి తనను పరిచయం చేసుకోవడం.

2020 మార్చిలో కోవిడ్ వల్ల కళాశాలలు మూతపడినప్పుడు తరగతి గదిలో ముప్పై ఏళ్లు పాఠం చెప్పినవారు కూడా ఒక్కసారిగా దూరవిద్యా బోధకులయ్యారు. ఇంట్లో గోడకు ఎదురుగా ఫోన్ నిలబెట్టి పాఠాలు రికార్డు చేసుకున్నారు. నా మిత్రుడొకరు తన మొదటి పాఠంలో "అందరూ బాగున్నారా?" అని అడిగి, అలవాటు కొద్దీ రెండు క్షణాలు ఆగారు. వీడియో సరిచేసిన కుర్రవాడు అక్కడ ఏమీ లేదని ఆ ఖాళీని కత్తిరించాడు. మిత్రుడు చూసుకుని, ఆ రెండు క్షణాలు మళ్లీ పెట్టించారు.