ఇసుకలో దిద్దిన అక్షరాలు

విజయదశమినాడు మన ఆలయంలో అక్షరాభ్యాసం జరిగేటప్పుడు, పళ్ళెంలో పోసిన బియ్యంపై పసివాని వేలు పట్టి అక్షరాలు దిద్దించడం మనమందరం చూస్తున్నదే. ఫొటోలు తీసుకొని ఇళ్ళకు మరలుతాము. ఆ మరునాటి నుండి పూర్వం ఏమి జరిగేదో మనలో ఎంతమందికి తెలుసు?

1822లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో, జిల్లాలలోని బడుల వివరాలు పంపవలసిందిగా కలెక్టర్లను ఆదేశించాడు. బళ్ళారి కలెక్టరు ఎ. డి. క్యాంబెల్ అప్పటికే తెలుగు వ్యాకరణం వ్రాసినవాడు. అంకెలతో సరిపెట్టక, 1823లో తాను పంపిన నివేదికలో బడి తీరునంతా వర్ణించాడు. అతని లెక్క ప్రకారం జిల్లాలో 533 బడులు, 6,641 మంది విద్యార్థులు. వారిలో ఆడపిల్లలు 60 మంది మాత్రమే! తెలుగు, కన్నడ బడులే అధికం.

అయిదవ ఏట అక్షరాభ్యాసం. మరునాటి నుండి బడి. ఆ బడిలో వర్ణమాలను ముందుగా వల్లె వేయించేవారు కారు. నేలపై పరచిన ఇసుకలో వేలితో దిద్దించేవారు. వ్రాస్తూనే చదవడం నేర్చుకోవాలి. వేలు తిరిగిన తరువాతనే తాటాకు, గంటం చేతికి వచ్చేవి. లేదా కాగితం, రెల్లుకలం. నల్లని పూత పూసిన గుడ్డ కడితం మీద వ్రాసేవారు కూడా ఉండేవారు. దానిని తడిగుడ్డతో తుడిచి మళ్ళీ వ్రాయవచ్చు. అటుపైన గుణింతాలు, ఒత్తులు. ఆ తరువాతనే మనుషుల పేర్లు, ఊళ్ళ పేర్లు, జంతువుల పేర్లు. పేదరికం వల్ల కొందరు అయిదేళ్ళకే బడి మానేవారు. కలిగినవారి పిల్లలు పద్నాలుగు, పదిహేనేళ్ళు చదివేవారు.

తాటాకుపై గంటంతో గీసిన తప్పు చెరగదు. ఇసుకలో తప్పు అరచేతితో సవరిస్తే మాయమవుతుంది. పసివానికి మొదట ఇసుకనే ఇవ్వడంలోని వివేకం మనకు ఆలస్యంగా బోధపడింది. మన ఆదివారం తరగతిలో తొలి ఏడాది పది వారాలలో యాభయ్యారు అక్షరాలూ ముగించాలని అచ్చు కాగితాలు పంచాము. అయిదేళ్ళ పిల్ల ఒకతె ‘ఖ’ను రబ్బరుతో చెరిపి చెరిపి కాగితాన్నే చింపింది. పక్కనున్న తల్లి పెన్సిలు లాక్కొని తానే వ్రాసిపెట్టింది. మరుసటి వారం ఆ పిల్ల రానన్నది. తొందర ఆ తల్లిది కాదు, మనది.

అయితే ఆనాటి పంతుళ్ళందరూ శాంతమూర్తులని భ్రమించనక్కరలేదు. మందకొడి పిల్లలను చేతులు కట్టి ఇంటికప్పుకు వేలాడదీసేవారని క్యాంబెలే వ్రాశాడు. మన పెద్దలు కోదండం అని చెప్పుకొనే శిక్ష అదే. బడికి మొదట చేరినవాని అరచేతిలో సరస్వతి పేరు వ్రాసేవారు, రెండవవానికి సున్న చుట్టేవారు, మూడవవాని నుండి దెబ్బలు మొదలు. నేర్పే క్రమంలో ఉన్న ఓర్పు నేర్పేవానిలో ఉండేది కాదు. ఆ క్రమాన్ని తీసుకొందాము. కోదండాన్ని చరిత్రకే వదిలేద్దాము.

పెద్ద పిల్లలు చిన్నవారికి నేర్పడం కూడా ఆ బడుల పద్ధతే. ఈ ఏడాది మన తరగతిలో ఇసుక పళ్ళేలు నాలుగు పెట్టాము. ఎనిమిదవ తరగతి అమ్మాయిలు ఇద్దరు పక్కన కూర్చుంటున్నారు. ఆ పిల్ల మళ్ళీ వస్తున్నది. దీపావళి దాటినా ‘ఖ’ దగ్గరే ఉన్నది. వంకర వచ్చినప్పుడల్లా ఇసుకను తానే సర్దుకొని నవ్వుతున్నది. ఒత్తులు వచ్చే ఏడాది చూద్దాము.