గుడ్డతో కుట్టిన రక్తనాళం

కాలికి రక్తం తీసుకెళ్ళే ధమని పూడుకుపోతుంటే మొదట నడిచినప్పుడు పిక్క పట్టేస్తుంది. ముదిరాక పడుకున్నా నొప్పే. పాదం మీద మానని పుండు, ఆఖరికి కాలు తీసెయ్యడం. పెద్దవయసులో, అందులోనూ పొగతాగే అలవాటో షుగరో ఉంటే, ఇది ఎక్కువ. పూడిక దాటించి రక్తానికి పక్కదారి వెయ్యాలి. సరే, దేనితో?

1948లో పారిస్‌లో కున్లిన్ అనే సర్జన్ రోగి కాలి సిరనే పక్కదారిగా కుట్టాడు. కానీ పనికొచ్చే సిర అందరికీ ఉండదు కదా.

ఇక్కడ అందరూ చెప్పే కథ డిబేకీది. హ్యూస్టన్‌లో నైలాన్ కొందామని షాపుకెళ్తే అయిపోయిందన్నారట. డేక్రాన్ అనే కొత్త గుడ్డ ఉందంటే అదే కొని, చిన్నప్పుడు అమ్మ నేర్పిన కుట్టుపనితో ఇంట్లో మిషన్ మీద గొట్టాలు కుట్టాడు. డేక్రానంటే మన టెరికాట్ చొక్కాల్లో ఉండే పాలిస్టరే. నైలాన్ ఒంట్లో బలం కోల్పోతుందనీ, డేక్రాన్ నిలుస్తుందనీ తర్వాత పరీక్షల్లో తేలింది. (2006లో, 97 ఏళ్ళ వయసులో, ఆయన బృహద్ధమనికే డేక్రాన్ గొట్టం వేశారు.)

మంచి కథే. కానీ నాకు అంతకంటే వూర్హీస్ ముఖ్యం. 1947లో న్యూయార్క్‌లో ఇతను ఒక కుక్క గుండెని కోసి చూశాడు. నెలల క్రితం ఆపరేషన్లో కుట్టు తప్పి గుండెగది గుండా అడ్డంగా ఉండిపోయిన పట్టుదారం కనిపించింది. దాని మీద నున్నటి పొర కట్టి ఉంది. దారం మీద కట్టినప్పుడు గుడ్డ మీద మాత్రం ఎందుకు కట్టదు అనుకున్నాడు. ముందు పట్టు రుమాలుతో, తర్వాత పారాచూట్ల కోసం తయారైన వినియాన్ బట్టతో గొట్టాలు కుట్టి కుక్కల్లో పెట్టాడు. 1952లో ఆ ఫలితాలు, 1954లో 18 మంది రోగుల వివరాలు అచ్చయ్యాయి. ఆ 18 మందిలో ఒకరికి గొట్టం వేసింది మోకాలి వెనక.

చిక్కు ఏమిటంటే, కుక్కలో కనిపించిన ఆ పొర మనిషిలో అంతగా పెరగదు. కుట్టు దగ్గర ఒకటి రెండు సెంటీమీటర్లు పాకి ఆగిపోతుంది. మా భాషలో చెప్పాలంటే, టెస్టింగ్‌లో పాసై ప్రొడక్షన్‌లో సగమే పనిచేసిన ఆలోచన ఇది. పొట్టలో ధమని లావు, రక్తం జోరుగా పోతుంది, అక్కడ పొర లేకపోయినా గుడ్డ ఏళ్ళ తరబడి నడుస్తుంది. మోకాలి కింద నాళం సన్నం, ప్రవాహం నెమ్మది. రక్తం గడ్డకట్టి గొట్టం మూసుకుపోతుంది. 1969లో బాబ్ గోర్ టెఫ్లాన్‌ని సాగదీసి కనిపెట్టిన పదార్థం కాళ్ళలో బాగా వాడకంలోకొచ్చింది. మోకాలి పైన పర్వాలేదు. కిందకి దిగితే అదీ సిరకి సాటిరాలేదు.

అందుకే ఇవాళ్టికీ పాదం దాకా పక్కదారి వెయ్యాల్సొస్తే సర్జన్ ముందు రోగి కాళ్ళకీ, అక్కడ దొరక్కపోతే చేతులకీ స్కాన్ చేయించి సిర కోసం వెతుకుతాడు. ఎక్కడా లేకపోతేనే గొట్టం ప్యాకెట్ విప్పేది.