సర్వే నంబర్ 115/1: రెండు ఆఫీసులు, మధ్యలో ఒక విద్యార్థి

నానక్‌రామ్‌గూడ ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ మీదుగా రోజూ ఆఫీసుకి పోయేవాళ్ళం వేలల్లో ఉంటాం. కానీ ఈ చిన్న సంగతి ఎంతమంది గమనించారో తెలీదు. అమెరికా కాన్సులేట్ అడ్రసులో సర్వే నంబర్ 115/1 అని ఉంటుంది. మన దేశంలో బీమా కంపెనీలన్నిటి మీదా పెత్తనం చేసే ఐఆర్‌డీఏఐ ప్రధాన కార్యాలయం అడ్రసు చూడండి, అక్కడా అదే నంబరు!

కాన్సులేట్ 2008లో బేగంపేట పైగా ప్యాలెస్‌లో మొదలై, 2023 మార్చిలో ఇక్కడికొచ్చింది. పొద్దున్నే దాని ముందు ఫైళ్ళు పట్టుకుని నిలబడే పిల్లల్లో, ఆ పక్కనున్న బీమా ఆఫీసు గురించి ఆలోచించేవాడు ఒక్కడైనా ఉంటాడా అని నా అనుమానం. వాళ్ళ తప్పేం లేదు లెండి. ఎఫ్-1 వీసాకి బ్యాంకు బ్యాలెన్సు చూపించమంటారు, లోను శాంక్షన్ లెటర్ చూపించమంటారు. ఆరోగ్య బీమా చూపించమని మాత్రం ఆ వీసా రూల్ ఎక్కడా అడగదు. డబ్బుల విషయంలో అంత పట్టుదలగా ఉండే దేశం ఈ ఒక్కటీ ఎందుకు వదిలేసింది? ఈ ప్రశ్న పట్టుకుని వెనక్కి తవ్వుకుంటూ పోతే నాకు దొరికిన చరిత్ర ఇది. నేను చరిత్రకారుణ్ణి కాదు, కోడు రాసుకుని బతికేవాణ్ణి. ఆ దృష్టితోనే చదవండి.

మనందరికీ తెలిసిన ఒక తెలుగు విద్యార్థితో మొదలుపెడదాం. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు 1923 అక్టోబరులో బోస్టన్‌లో దిగాడు. హార్వర్డ్‌లో ఉష్ణమండల వ్యాధుల గురించి చదవడానికి. అప్పటికే స్ప్రూ అనే పేగు జబ్బుతో ఆయన అన్న పోయాడు. ఆయన కూడా అదే జబ్బు పడి, ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద వైద్యంతో బయటపడ్డాడు. అంటే ఇవాళ్టి బీమా భాషలో చెప్పాలంటే 'ముందునుంచీ ఉన్న జబ్బు' కేసన్నమాట. చేతిలో డబ్బుల్లేక అక్కడి ఆసుపత్రిలో రాత్రిపూట పోర్టరు పని చేశాడు, రోగుల బెడ్ పాన్‌లు ఎత్తాడు. పొరపాటున ఆయనే ఆ మంచం ఎక్కాల్సి వస్తే బిల్లు ఎవరు కట్టేవారు? మనం ఇవాళ ఆరోగ్య బీమా అనుకునేది ఆనాటి అమెరికాలో ఇంకా పుట్టనే లేదు.

కాలేజీల్లో వైద్యం మాత్రం అంతకుముందే ఉంది. ఆమ్‌హర్స్ట్ కాలేజీ 1861లోనే విద్యార్థుల ఆరోగ్యం, వ్యాయామం చూడ్డానికి ఒక విభాగం పెట్టి డాక్టర్ని నియమించింది. తర్వాత ఒక్కో కాలేజీ అదే దారి పట్టింది. ఇప్పుడు మన పిల్లలు 'స్టూడెంట్ హెల్త్ సెంటర్' అంటున్నది దీని వారసత్వమే. జలుబుకి, జ్వరానికి, టీకాలకి అది చాలు. అపెండిక్స్ వస్తే క్యాంపస్ గేటు దాటి బయట ఆసుపత్రికి వెళ్ళాల్సిందే. అసలు కథ ఆ గేటు బయటే మొదలవుతుంది.

సుబ్బారావు వెళ్ళిన ఆరేళ్ళకి, 1929లో, టెక్సాస్‌లోని డాలస్‌లో బేలర్ ఆసుపత్రి లెక్కలు చూసే జస్టిన్ ఫోర్డ్ కింబాల్‌కి ఒక సమస్య ఎదురైంది. వసూలు కాని బిల్లులు కుప్పలుగా పడున్నాయి. వాటిలో స్కూలు టీచర్లవి చాలా ఉన్నాయి. ఆయన అంతకుముందు డాలస్ స్కూళ్ళకి సూపరింటెండెంటు, కాబట్టి టీచర్ల జీతాల సంగతి బాగా తెలుసు. నెలకి 50 సెంట్లు కడితే ఏడాదిలో 21 రోజులు ఆసుపత్రిలో ఉండొచ్చు అని టీచర్లకి ఒక పథకం పెట్టాడు. అదే పెరిగి పెద్దదై బ్లూ క్రాస్ అయ్యింది.

ఇందులో రెండు విషయాలు నాకు ఆసక్తిగా అనిపించాయి. ఒకటి, ఈ పథకం రోగిని కాపాడ్డానికి ఎంతో, ఆసుపత్రి బిల్లులు వసూలవ్వడానికీ అంతే. రెండోది, అమెరికా ఆరోగ్య బీమా పుట్టింది చదువులు చెప్పేవాళ్ళ దగ్గరే. కానీ అది టీచరుకి అందింది, ఆ టీచరు దగ్గర చదివే విద్యార్థికి కాదు. ఎందుకంటే టీచరుకి నెలనెలా జీతం ఉంది, అందులోంచి కోసుకోవచ్చు.

తర్వాత రెండో ప్రపంచయుద్ధం వచ్చింది. ధరలు అదుపు చెయ్యడానికి 1942లో అమెరికా ప్రభుత్వం జీతాలు పెంచొద్దని కట్టడి చేసింది. అయితే బీమా లాంటి సదుపాయాలకి మినహాయింపు ఇచ్చింది. మనుషులు దొరక్క అల్లాడుతున్న కంపెనీలు 'జీతం పెంచలేం గానీ బీమా ఇస్తాం' అన్నాయి. 1954 పన్నుల చట్టం ఆ బీమా మీద ఉద్యోగికి పన్ను లేదని ఖాయం చేసింది. అంతే, బీమా ఉద్యోగానికి అతుక్కుపోయింది. ప్రొడక్షన్‌లో ఏదో కొంప మునుగుతుంటే రాత్రికి రాత్రి వేసిన ప్యాచ్ పదేళ్ళ తర్వాత కూడా అలాగే ఉండటం మనకి కొత్తేమీ కాదు కదా.. ఇదీ అలాంటిదే. ఎనభై ఏళ్ళు దాటినా ఇంకా నడుస్తోంది. 1965లో ముసలివాళ్ళకి మెడికేర్, పేదలకి మెడికెయిడ్ వచ్చాయి. మధ్యలో మిగిలిపోయినవాళ్ళలో ఉద్యోగం లేని, పౌరసత్వమూ లేని విదేశీ విద్యార్థి ఒకడు.

ఇప్పుడు మన వైపు చూద్దాం. మన దగ్గరా కథ ఉద్యోగంతోనే మొదలైంది. 1948లో ఈఎస్ఐ చట్టం, 1952లో కాన్పూరు, ఢిల్లీల్లో అమలు, 1955కల్లా హైదరాబాదు కార్మికులకి వచ్చింది. సనత్‌నగర్ ఈఎస్ఐ ఆసుపత్రి తెలియనివాళ్ళెవరు? సొంతంగా కొనుక్కునే మెడిక్లెయిమ్‌ని ప్రభుత్వ బీమా కంపెనీలు 1986లో తెచ్చాయి. విదేశాలకి వెళ్ళేవాళ్ళ ఓవర్సీస్ మెడిక్లెయిమ్ ఇంకా ముందే, 1984లోనే మొదలైంది. 1998లో సైబర్ టవర్స్ తెరిచారు. 1999లో ఐఆర్‌డీఏ చట్టంతో ప్రైవేటు కంపెనీలకి దారి తెరుచుకుంది. ఈ రెండూ దాదాపు ఒకేసారి జరగడంతో మాదాపూర్‌లో ఉద్యోగంలో చేరిన ప్రతివాడికీ ఆఫర్ లెటర్‌తో పాటు గ్రూప్ మెడిక్లెయిమ్ కార్డు చేతికొచ్చింది. పైగా చాలా కంపెనీల్లో అమ్మానాన్నలకి కూడా! అమెరికా కంపెనీలు సాధారణంగా ఇవ్వని సదుపాయం ఇది.

రెండోపక్క 2007 ఏప్రిల్‌లో మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో ఆరోగ్యశ్రీ మొదలై తెల్లకార్డు ఉన్న ఇళ్ళకి చేరింది. 2023 డిసెంబరులో తెలంగాణలో దాని పరిమితిని 10 లక్షలకి పెంచారు.

వీటన్నిటినీ నేను తప్పుపట్టడం లేదు. ఆరోగ్యశ్రీతో బతికినవాళ్ళు మా ఊళ్ళోనే ఉన్నారు. కానీ దీనివల్ల మనకొక అలవాటు పడిపోయింది. బీమా అంటే కంపెనీ ఇచ్చేదో, ప్రభుత్వం ఇచ్చేదో. మనం కూర్చుని, చదివి, పోల్చి చూసి కొనుక్కునేది కాదు. మా చిన్నాన్న కొడుకు ఎమ్మెస్‌కి వెళ్ళే ముందు నాకో ఎక్సెల్ షీటు పంపాడు. ఫీజు, అద్దె, విమానం టికెట్టు, ప్రెషర్ కుక్కర్‌తో సహా అన్నీ ఉన్నాయి. బీమా గడి దగ్గర మాత్రం "అన్నా, ఇది ఎంత తగ్గించొచ్చు?" అని రాశాడు. ఆఫీసులో లంచ్ టేబుల్ దగ్గర అడిగితే ఆరుగురు ఆరు సలహాలిచ్చారు. ఆ ఆరుగురిలో తన సొంత పాలసీ కాగితం చదివినవాడు ఒక్కడూ లేడు. మన ఇళ్ళల్లో పిల్లలు సలహా అడిగేది మాత్రం మనల్నే.

వాడి ప్రశ్నకి జవాబు కూడా చరిత్రలోనే ఉంది. అమెరికాలో ఎక్స్ఛేంజి కార్యక్రమాల మీద వచ్చే జె-1 వీసా వాళ్ళకి ఫెడరల్ రూల్ ఉంది. ఒక్కో జబ్బుకి లేదా ప్రమాదానికి కనీసం లక్ష డాలర్ల బీమా ఉండాలి. 2015 వరకూ అది యాభై వేలే. రోగిని స్వదేశానికి తరలించడానికి 50 వేల డాలర్లు, చనిపోతే మృతదేహాన్ని ఇంటికి పంపడానికి 25 వేల డాలర్లు విడిగా ఉండాలి. ఆ ఆఖరి లైను చదివినప్పుడు మనసు చివుక్కుమంటుంది గానీ, రాసినవాడు ఎవరో అన్నీ ఆలోచించే రాశాడు. మన పిల్లల్లో ఎక్కువమంది వెళ్ళేది మాత్రం ఎఫ్-1 మీద. దానికి ఇలాంటి ఫెడరల్ రూల్ లేదు, ఏ యూనివర్సిటీ ఇష్టం దానిది. 2023-24లో అమెరికాలో భారత విద్యార్థులు 3,31,602 మంది, చైనాని కూడా దాటేశారు. అందులో మనవాళ్ళ వాటా చిన్నదేమీ కాదని వేరే చెప్పక్కర్లేదు.

చాలా యూనివర్సిటీలు తమ పాలసీ తీసుకోమంటాయి, లేదా దానికి సమానమైనది చూపించి మినహాయింపు తెచ్చుకోమంటాయి. ఈ మినహాయింపు కోసమే చవక పాలసీల వ్యాపారం పుట్టుకొచ్చింది. యూనివర్సిటీ పాలసీ కూడా ఒకప్పుడు గొప్పగా ఏమీ ఉండేది కాదు. ఏడాదికి ఇంతకు మించి ఇవ్వం అని తక్కువ పరిమితులు పెట్టేవాళ్ళు. 2010లో ఒబామా తెచ్చిన చట్టం తర్వాత, 2014 నుంచి, బీమా కంపెనీలు నడిపే విద్యార్థి పాలసీల్లో అవసరమైన వైద్యానికి ఆ పరిమితులు తీసేశారు. ముందునుంచీ ఉన్న జబ్బు అని తోసిపుచ్చడానికీ వీల్లేదు. కానీ విదేశీయుల కోసం అమ్మే చవక ట్రావెల్ పాలసీల్లో చాలావాటికి ఈ చట్టం వర్తించదు. రెండిటికీ ధరలో అంత తేడా ఎందుకుందో అర్థమైంది కదా? మనవాడు ఎక్సెల్‌లో తగ్గించింది ప్రీమియం ఒక్కటే కాదు, దాని వెనకున్న చట్టాన్ని కూడా.

అసలు గండం చదువయ్యాక ఉంది. ఓపీటీ మొదలవుతుంది, యూనివర్సిటీ బీమా అయిపోతుంది. ఉద్యోగం ఇంకా రాలేదు, వచ్చినా కాంట్రాక్టు కంపెనీ వాడు బీమా ఇస్తాడో ఇవ్వడో తెలీదు. అమెరికా పిల్లలైతే 26 ఏళ్ళ దాకా అమ్మానాన్నల పాలసీలో ఉండొచ్చు. మనవాడి అమ్మానాన్నలు గుంటూరులోనో కరీంనగర్‌లోనో ఉంటారు. బీమా ఉద్యోగానికి అతుక్కున్న దేశంలో ఉద్యోగం వెతుక్కునే నెలల్లోనే బీమా ఉండదు. ఆ ఖాళీలోనే మనవాడు సెకండ్ హ్యాండ్ కారు కొని హైవే ఎక్కుతాడు.

1986 చట్టం ప్రకారం అక్కడి ఆసుపత్రుల ఎమర్జెన్సీలో డబ్బుల్లేవని ఎవర్నీ తిప్పి పంపకూడదు. ప్రాణం నిలబెడతారు. కానీ బిల్లు మాఫీ అని ఆ చట్టం చెప్పలేదు. మా బీటెక్ బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో ఇప్పటికి మూడుసార్లు చందాల లింకులు వచ్చాయి. ఐసీయూలో ఉన్న కుర్రాడి ఫోటో, పక్కన డాలర్లలో లక్ష్యం. మేమంతా వేశాం, మనవాళ్ళు అందరూ వేస్తారు. అక్కడి తెలుగు సంఘాలు కూడా కదులుతాయి. గర్వపడాల్సిన విషయమే. కానీ ఆలోచించండి, వెయ్యిమంది తలా కొంచెం వేసి ఒకడి కష్టాన్ని పంచుకోవడమే కదా బీమా అంటే? మనం అదే పని చేస్తున్నాం, కాకపోతే ప్రమాదం జరిగాక. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటున్నాం.

వేరే దారి లేదా అంటే ఉంది. ఆస్ట్రేలియా 1989లోనే విదేశీ విద్యార్థుల కోసం ప్రత్యేక బీమా పెట్టి, దాన్ని వీసా షరతు చేసింది. జర్మనీలో 1883 నుంచి నడుస్తున్న ప్రభుత్వ బీమా వ్యవస్థలోకి 30 ఏళ్ళ లోపు విదేశీ విద్యార్థి కూడా విద్యార్థి రేటుకే చేరిపోతాడు. బ్రిటన్ 2015లో వీసాతోపాటు ఆరోగ్య సర్‌ఛార్జి మొదలుపెట్టింది. విద్యార్థికి ఏడాదికి 150 పౌండ్లు అని మొదలైంది, 2024కల్లా 776 పౌండ్లు! భారమే, కాదనను. కానీ ఆ మూడు దేశాల్లోనూ అడుగు పెట్టే కుర్రాడికి బీమా ఉందా లేదా అన్న ప్రశ్నే రాదు. అమెరికాలో ఆ ప్రశ్నని ఇరవై రెండేళ్ళ కుర్రాడి ఎక్సెల్ షీటుకి వదిలేశారు.

అందుకే మీ ఇంట్లోంచి ఎవరైనా వెళ్తుంటే నాలుగు మాటలు చెప్పండి. చవక పాలసీ తీసుకునేముందు అది ఆ 2010 చట్టం కిందకి వస్తుందా అని అడగమనండి. డిడక్టిబుల్, అంటే కంపెనీ ఇవ్వడం మొదలుపెట్టేలోపు మన జేబులోంచి పోయే మొత్తం ఎంతో చూడమనండి. చదువయ్యాక బీమా ఆగిపోతే 60 రోజుల్లోపు అక్కడి ప్రభుత్వ మార్కెట్‌ప్లేస్‌లో కొనుక్కోవచ్చు, ఆ గడువు దాటనివ్వొద్దు. ఒకవేళ పెద్ద బిల్లు మీద పడితే, లాభాపేక్ష లేని ఆసుపత్రులు ఆర్థిక సాయం విధానం పెట్టుకోవాలని అదే చట్టం చెప్తోంది. చందా లింకు కంటే ముందు ఆ దరఖాస్తు పెట్టమనండి.

మా తమ్ముడి షీటులో ఆ గడి తగ్గలేదు. ప్రెషర్ కుక్కర్ అక్కడే కొనుక్కోమన్నాం. మీ ఇళ్ళల్లో ఈ లెక్క ఎలా తేలిందో, ఓపీటీ ఖాళీని ఎవరు ఎలా దాటారో చెప్పండి. రేపు వెళ్ళేవాళ్ళకి పనికొస్తుంది.